ముందు సూది, తర్వాత మగ్గం, చివరికి రంగు

రాగి కాగులో మంజిష్ఠ మరుగుతుంటుంది. పటిక అద్దిన బట్టను అందులో ముంచి, కర్రతో తిప్పి, పైకి తీస్తే ముదురు ఎరుపు పడాలి. గుజరాత్ కచ్ జిల్లా ధమడ్కా ఊళ్లో అద్దకపు ఖత్రీలు తరతరాలుగా తీసిన ఎరుపు అది. 2001 తర్వాత అది సరిగా రాలేదు. మసిబారినట్టు, ఇటుక పొడి కలిసినట్టు ఒక గోధుమ ఛాయ వచ్చి కూర్చుంది. పాళ్లు మార్చలేదు, చేతులు మారలేదు. మారింది నీళ్లు. ఆ ఏడాది భూకంపం నేల పొరల్ని కుదిపేశాక ఆ ఊరి భూగర్భ జలంలో ఇనుము పాలు పెరిగింది.

పెడనలో కలంకారీ అద్దేవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో నానబెట్టి, రోజుల తరబడి పులియబెట్టి తీసిన ద్రావణంతోనే వాళ్లూ నల్ల గీత అచ్చు వేస్తారు. ధమడ్కా ఖత్రీలు అద్దే అచ్చుబట్ట అజ్రఖ్‌లోనూ నలుపు పుట్టేది అలాగే. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేసిన బట్ట మీద ఇనుము తగిలిన చోట నలుపు పడుతుంది. పటిక తగిలిన చోట మంజిష్ఠ ఎరుపు పడుతుంది. ఇనుమును గీతలోనే ఉంచి మిగతా బట్టకు సోకకుండా కాపాడుకోవడంలోనే అద్దకపువాడి పనితనమంతా ఉంది. ఆ ఇనుము ఏకంగా నీళ్లలోకే వచ్చేస్తే ఎంత పనిమంతుడైనా చేయగలిగింది లేదు.

ఊరు కూలితే కట్టుకోవచ్చు. నీళ్లు చెడితే ఊరే మారాలి. ఆ ఖత్రీలు చివరికి అదే చేశారు. ఆ కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. కచ్‌లో బట్టకూ విపత్తుకూ ఉన్న సంబంధం 2001లో మొదలైనది కాదు.

2001 జనవరి 26. గణతంత్ర దినోత్సవం. ఉదయం 8 గంటల 46 నిమిషాలు. భచావ్ తాలూకా చోబారీ ఊరికి దగ్గర్లో భూకంప కేంద్రం. తీవ్రత 7.7. దాదాపు రెండు నిమిషాల పాటు నేల ఊగింది. భుజ్, అంజార్, భచావ్, రాపర్ పట్టణాలు చాలామటుకు నేలమట్టమయ్యాయి. అంజార్‌లో జెండా పండుగ ఊరేగింపుగా ఇరుకు సందులో నడుస్తున్న బడిపిల్లల మీద రెండు వైపుల ఇళ్లూ కూలాయి. 185 మంది పిల్లలు, 20 మంది ఉపాధ్యాయులు అక్కడే పోయారు. గుజరాత్ ప్రభుత్వ లెక్క ప్రకారం మొత్తం మృతులు 13,805 మంది. 20,000 దాకా ఉంటారన్న అంచనాలూ ఉన్నాయి. గాయపడ్డవాళ్లు లక్షన్నరకు పైనే.

ఆ అంకెలు అప్పట్లో మన పత్రికల్లోనూ పతాక శీర్షికలయ్యాయి. కానీ ఆ జిల్లా ఎలాంటిదో మనకు పెద్దగా తెలియదు. విస్తీర్ణం 45,674 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణలో ఐదింట రెండు వంతులు ఒక్క జిల్లాలోనే ఉందన్నమాట. ఉత్తరాన ఉప్పు మేటలు వేసిన రణ్, దక్షిణాన సముద్రం, నడుమ వాన కోసం ఆకాశం కేసి చూసే నేల. మూడు నాలుగేళ్లకోసారి కరువు అక్కడ మామూలు సంగతి. 1819 జూన్ 16న వచ్చిన భూకంపంలో దాదాపు 80 కిలోమీటర్ల పొడవున నేల ఉబ్బి గట్టుగా లేచింది. మనిషి కట్టింది కాదు కనుక దాన్ని అల్లా బంద్ అన్నారు. సింధు నది తూర్పు పాయ నీళ్లు అటు రాకుండా ఆ గట్టు అడ్డం పడింది. సింద్రీ కోట నీట మునిగింది. 1956లో అంజార్‌లో మరో భూకంపం. 1998 జూన్‌లో కాండ్లా ఓడరేవును ఊడ్చేసిన తుపాను.

ఈ జాబితా భయపెట్టడానికి చెప్పడం లేదు. కచ్‌లో ఒక్కో విపత్తు పోతూ పోతూ ఒక్కో సంస్థను కని పోయింది. 2001లో జనం లేచి నిలబడ్డ తీరు అర్థం కావాలంటే ఈ సంగతి పట్టుకోవాలి. భూకంపం వచ్చాక ఎవరో వచ్చి ఆడవాళ్లకు సూదీ దారం పట్టించారని రాయడం తేలిక. జరిగింది అది కాదు. సూదీ దారం అప్పటికే ఉన్నాయి, పని ఇచ్చే మనుషులు అప్పటికే ఉన్నారు, లెక్క రాసుకునే పుస్తకం అప్పటికే ఉంది.

ఆ పుస్తకం మొదటి పేజీ 1969లో ధనేటీ అనే ఊళ్లో పడింది. వరసగా వానలు లేని కరువు. రామకృష్ణ మిషన్ అక్కడ అన్నదానం పెట్టింది. ఆ సేవకు ముంబై నుంచి వచ్చిన గుజరాతీ గృహిణి చందా ష్రాఫ్. పెద్ద పారిశ్రామిక కుటుంబం కోడలు. ధనేటీ అహీర్ల ఊరు, పశువులు కాసుకుని బతికే మానవంతుల ఊరు. ఆడవాళ్లు ఉచితంగా పెట్టే అన్నం తీసుకోవడానికి తల వంచుకునేవాళ్లు. ఆమె చూపు మాత్రం ఆ వంచిన తలల కింద, వాళ్లు తొడుక్కున్న రవికల మీద పడింది. గొలుసు కుట్టుతో పువ్వులు, నెమళ్లు, చిలకలు, నడుమ గుండ్రటి చిన్న చిన్న అద్దాలు. చేయి చాపడానికి మొహమాట పడే మనిషి ఒంటి మీద కచ్చితంగా వెల కట్టగల పనితనం ఉందని ఆమెకు అర్థమైంది.

ఆమె 30 చీరలు, రంగుదారాలు కొని వాళ్లకిచ్చింది. వాళ్లు కుట్టారు. ముంబైలో అమ్మింది. వచ్చిన డబ్బులో కూలి పోను మిగిలింది మళ్లీ చీరలకే పెట్టింది. అదే శృజన్ అనే సంస్థ అయ్యింది. దానం ఇవ్వడానికి వచ్చిన మనిషి పని ఇచ్చి వెళ్లడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. కరువు పని అంటే రోడ్డు మీద రాళ్లు కొట్టడం, చెరువు మట్టి మోయడమే. సర్కారు లెక్కలో కుట్టుపని అనేది పనిగా లేదు. ఇంటి గడప దాటకుండా, పిల్లను ఒళ్లో పెట్టుకుని చేసుకునే పనికి కూలి ఇవ్వొచ్చన్న ఆలోచనే కొత్త.

తర్వాత 1971 యుద్ధం వచ్చింది. పాకిస్తాన్ వైపు ఉన్న థార్‌పార్కర్ నుంచి సోఢా రాజపుత్‌లు, మేఘ్వాళ్లు సరిహద్దు దాటి కచ్‌కు వచ్చారు. జూరా లాంటి చోట్ల శిబిరాల్లో ఉన్నారు. వెంట తెచ్చుకున్న ఆస్తిలో చేతిలోని కుట్టు ఒకటి. సూఫ్, ఖారెక్, పాకో అని దాంట్లో రకాలు.

సూఫ్ కుట్టే తీరు దగ్గరుండి చూస్తే మతిపోతుంది. బట్ట మీద గీత ఉండదు, చుక్క ఉండదు, కాగితం మీద నమూనా ఉండదు. పోగులు లెక్కపెట్టుకుంటూ పోవడమే. పైగా కుట్టేది బట్ట వెనక నుంచి. ఒక పోగు ఎత్తి, నాలుగో ఐదో పోగులు దాటించి, మళ్లీ ఎత్తి, వరసకొకటి తగ్గించుకుంటూ పోతే ఇవతలి పక్క ముక్కోణం ఏర్పడుతుంది. ఆ ముక్కోణాలు కలిస్తే పువ్వు, ఇంకా కలిస్తే నెమలి. కుట్టే మనిషి కళ్ల ముందు ఆ నెమలి ఉండదు, అవతలి వైపు ఉంటుంది. ఒక్క పోగు లెక్క తప్పితే అక్కడి నుంచి మొత్తం వంకర పోతుంది. నాలుగైదు దశాబ్దాలు ఈ పని చేస్తే చూపు ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఈ కుట్టును పొగిడేవాళ్లలో చాలామంది ఆ కళ్ల సంగతి రాయరు.

మన దగ్గర ‘కచ్ వర్క్’ అని జాకెట్ల మీద కుట్టే అల్లిక కుట్టు ఇందులో ఒక చిన్న పాయ మాత్రమే. మన తండాల్లో లంబాడీ ఆడవాళ్లు అద్దాలు, గవ్వలు పెట్టి కుట్టే పని చూసినవాళ్లకు అక్కడి రబారీ, అహీర్ కులాల పనిలో దూరపు చుట్టరికం కనిపిస్తుంది.

ఈ కుట్టు అంతా అమ్మకానికి పుట్టింది కాదు. పెళ్లికూతురు అత్తారింటికి తీసుకెళ్లే సారె. రవికలు, లంగాలు, సంచులు, గుమ్మానికి కట్టే తోరణాలు, ఎద్దుల మీద కప్పే బట్టలు, పాత గుడ్డల మీద గుడ్డలు పేర్చి కుట్టే బొంతలు. బొంతను అక్కడ ధడ్కీ అంటారు. ఇదంతా పూర్తయ్యే దాకా పిల్ల కాపురానికి వెళ్లడానికి లేదు. ఢేబరియా రబారీల్లో ఇది ఎంత ముదిరిందంటే, సారె కుట్టడం తెమలక పెళ్లయిన ఆడపిల్లలు ఏళ్ల తరబడి పుట్టింట్లోనే ఉండిపోయేవాళ్లు. చివరికి 1995లో ఆ కులపెద్దలు కూర్చుని, సొంత వాడకానికి చేతి కుట్టు కుట్టకూడదని కట్టడి పెట్టారు. బయటివాళ్లకు కళగా కనిపించింది ఆ ఇళ్లల్లో బరువైంది. ఆడవాళ్లు బజారులో దొరికే మిషన్ పట్టీలు, జరీ అంచులు తెచ్చి అతికించి అందులోనూ ఒక కొత్త అందం తీశారు. అది వేరే సంగతి.

కరువుల్లో ఇంకొకటి కూడా జరిగింది. అమ్మమ్మలు కుట్టిన సారె గుడ్డలు మూటలుగా వ్యాపారుల చేతికి పోయాయి. పాత కచ్ కుట్టుకు ఢిల్లీలో, విదేశాల్లో గిరాకీ ఉందని తెలిశాక వాళ్లు ఊరూరా తిరిగారు. తిండి లేని ఏడాది తోరణం ఉండి ఏం లాభం? అమ్మేశారు. దాంతో కొత్త తరానికి చూసి నేర్చుకోవడానికి పాత నమూనా ఇంట్లో లేకుండా పోయింది. 1993లో జూడీ ఫ్రేటర్ అనే అమెరికన్ పరిశోధకురాలు, సుమ్రాసర్ షేక్ ఊరి ప్రకాశ్ భానానీతో కలిసి కళారక్ష అనే సంస్థను పెట్టినప్పుడు చేసిన మొదటి పనుల్లో ఒకటి ఆ ఊళ్లోనే మ్యూజియం పెట్టడం. కుట్టేవాళ్ల గుడ్డలు కుట్టేవాళ్లకే చూపించే మ్యూజియం. 1989లోనే కచ్ మహిళా వికాస్ సంఘటన్ మొదలైంది. పక్కనున్న బనాస్‌కాంఠా వైపు ఇలా భట్ స్థాపించిన సేవా సంస్థ మనకు బాగా తెలిసిన డ్వాక్రా పథకం కిందే ఆడవాళ్లను సంఘాలు కట్టించి కుట్టుపనికి మార్కెట్ చూపించింది. 1998 తుపాను తర్వాత స్వచ్ఛంద సంస్థలన్నీ కలిసి కచ్ నవనిర్మాణ్ అభియాన్ అనే వేదిక కట్టుకున్నాయి. సహాయం పంచడంలో ఒకరి మీద ఒకరు పడకుండా ఊళ్లు పంచుకోవడం అప్పుడు నేర్చుకున్నారు.

అంటే 2001 జనవరి 26 నాటికి ఏ ఊళ్లో ఎంతమంది కుట్టేవాళ్లున్నారో, ఎవరు ఏ కుట్టు కుడతారో, ఎవరి ఇల్లు ఎక్కడుందో తెలిసిన మనుషులు ఆ జిల్లాలో ఉన్నారు. కూలిన ఊరికి మొదట వెళ్లి పేరు పెట్టి పిలిచింది వాళ్లే.

జనవరి చలి. ఎడారి అంచున రాత్రిళ్లు ఎముకలు కొరికే చలి. వెనక వచ్చే ప్రకంపనలు వారాలు, నెలలు పోయినా ఆగలేదు. నిలిచిన గోడల కిందకు వెళ్లడానికి ధైర్యం చాలక జనం ఆరుబయట, పాలిథిన్ పట్టాల కింద పడుకున్నారు. దేశం నలుమూలల నుంచి లారీల్లో బియ్యం, దుప్పట్లు, పాతబట్టలు వచ్చాయి. పాతబట్టల సంగతి ఒక్కమాట చెప్పాలి. ఏ విపత్తులోనైనా మనం అలమారలు ఖాళీ చేసి పంపేది అవే. ఒంటి మీది బట్టలోనే కులమూ, ఊరూ, పెళ్లయ్యిందీ కానిదీ చెప్పే మనుషుల ముందు ఎవరో తొడిగి వదిలేసిన నైలాన్ చీరల గుట్ట పోస్తే వాళ్లకు ఎలా ఉంటుందో పంపేవాళ్లెవరూ ఆలోచించరు.

కాసింత తేరుకున్నాక ఆడవాళ్లు సంస్థలవాళ్లను అడిగింది పని. శృజన్, కచ్ మహిళా వికాస్ సంఘటన్, కళారక్ష, సేవా ఎవరి ఊళ్లలో వాళ్లు గుడ్డ, దారం, అద్దాలు పంపడం మళ్లీ మొదలుపెట్టారు. ఈ పనిని మనసుకు ఊరట అని వర్ణించే రాతలు చాలా వచ్చాయి. చేతికి పని ఉంటే ఏడుపు కొంత ఆగుతుందన్నది నిజమే కావచ్చు. కానీ దాన్ని ముందు పెట్టి కూలిని వెనక్కి నెట్టడం నాకు నచ్చదు. గొడ్లు చచ్చి, మగవాళ్ల పనులు ఆగిన ఇంట్లో ఆ నెల చేతిలో పడిన నోటు కుట్టు మీదే వచ్చిందంటే, వాళ్ల దృష్టిలో అది ముందు ఆదాయం. ఊరట తర్వాత వస్తే వచ్చింది.

సూదే ముందు ఎందుకు లేచింది? కారణం చాలా మామూలుది. సూదికి ఇల్లు అక్కర్లేదు. చెట్టు నీడ, పగటి వెలుతురు, గజం గుడ్డ ఉంటే చాలు. మగ్గానికి అలా కుదరదు. భుజ్‌కు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో భుజోడీ ఉంది. నేతపని చేసే వణకర్ల ఊరు. ఉన్ని శాలువలకు, దుప్పట్లకు పేరు. వాళ్లది గుంటమగ్గం. అంటే మగ్గం ఇంట్లో భాగం. గోడ కూలితే మగ్గం మీదే పడుతుంది, పడుగు తెగిపోతుంది, గుంట రాళ్లతో పూడిపోతుంది. మళ్లీ నేత మొదలు కావాలంటే ముందు కప్పు నిలవాలి. ఏటా వానాకాలంలో మగ్గం గుంటలోకి నీళ్లు ఊరి నెలల తరబడి పని పోగొట్టుకునే మన చీరాల, మంగళగిరి, పోచంపల్లి నేతన్నలకు ఇది కొత్తగా చెప్పే సంగతి కాదు. ఇల్లు, పనిచోటు ఒకటే అయినవాడికి విపత్తు రెండు దెబ్బలు ఒకేసారి కొడుతుంది. ఇంటికి వచ్చే పరిహారం లెక్కలో మగ్గానికి విడిగా ఖానా ఉందా లేదా అన్నది అందుకే ప్రాణపదం అవుతుంది. కళ్ల ముందు కట్టాల్సిన ఇల్లు, ఆ ఇంట్లో పెట్టాల్సిన మగ్గం రెండూ ఒకే డబ్బు కోసం పోటీ పడతాయి.

ఒక తమాషా ఏమిటంటే, బన్నీ ప్రాంతంలో ఆడవాళ్లు మట్టితో, అద్దాలతో అలంకరించే గుండ్రటి భుంగా గుడిసెలు ఆ భూకంపానికి చాలావరకు తట్టుకున్నాయి. మూలలు లేని గుండ్రటి గోడ, పైన తేలికపాటి కప్పు. రాయి పేర్చి మట్టితో అతికించిన ఇళ్లు, సరిగా కట్టని కాంక్రీటు మేడలు మాత్రం కుప్పకూలాయి.

ఇక చివర రంగు. ధమడ్కా ఖత్రీల పూర్వీకుల్ని కచ్ రాజు రావు భార్‌మల్ సింధ్ నుంచి పిలిపించాడని, తమకు కావలసిన పారే నీళ్లున్న చోటు చూసుకోమంటే సరణ్ నది ఒడ్డు ఎంచుకున్నారని వాళ్ల ఇళ్లల్లో చెప్పుకుంటారు. అజ్రఖ్‌కు నీళ్లు అన్నంలో ఉప్పు లాంటివి కావు, అన్నమే. పద్నాలుగు, పదహారు అంచెల పని. ముందు ఆముదం, సోడా, ఒంటె పేడ కలిపిన నీళ్లలో బట్టను నానబెట్టి ఉతకడం. కరక్కాయ తడి. సున్నం, తుమ్మజిగురు కలిపిన ముద్దతో తెల్లగా మిగలాల్సిన చోట అచ్చు. ఇనుప నలుపు అచ్చు. చింతగింజల పిండితో చిక్కబరిచిన పటిక అచ్చు. నీలిమందు తొట్టిలో ముంచడం. ఉతకడం, ఎండబెట్టడం. మంజిష్ఠ మరుగు. మళ్లీ ఉతకడం. కొన్ని బట్టలకు ఇదంతా రెండు పక్కలా చేస్తారు. ఇవతలి పువ్వు మీదే అవతలి పువ్వు కచ్చితంగా పడాలి. దాన్ని బిపురీ అంటారు. ప్రతి అంచె మధ్యలో ఉతుకు ఉంది.

సరణ్ నది 1980ల చివరికే ఎండిపోయింది. అప్పటి నుంచి బోర్లే దిక్కు. రసాయన రంగులకు మళ్లిన ఆ ఊరిని 1970లలో మళ్లీ ప్రకృతి రంగులకు తెచ్చిన పెద్దమనిషి ఖత్రీ మహమ్మద్ సిద్దిక్. ఆయన కొడుకులు అబ్దుల్ రజాక్, ఇస్మాయిల్, అబ్దుల్ జబ్బార్. భూకంపం ఆ ఊరి ఇళ్లనూ, పనిశాలలనూ కూల్చింది. మిగిలిన నీళ్లలో ఇనుము చేరింది. రసాయన రంగులైతే ఎలాగో సర్దుకుపోవచ్చు. ప్రకృతి రంగు సర్దుకోదు. పాతికేళ్లు పోరాడి వెనక్కి తెచ్చుకున్న మంజిష్ఠే వాళ్లను ఊరు వదలమంది.

భుజ్‌కు తూర్పున పదమూడు, పదిహేను కిలోమీటర్ల దూరంలో నీళ్లు పరీక్ష చేయించి మరీ నేల చూసుకున్నారు. ఇస్మాయిల్ ఖత్రీ ముందుండి నడిపించారు. కొన్ని కుటుంబాలు ధమడ్కాలోనే ఉండిపోయాయి, కొన్ని కదిలాయి. కొత్త ఊరికి అజ్రఖ్‌పూర్ అని పేరు పెట్టుకున్నారు. రాజు పేరు కాదు, దేవుడి పేరు కాదు, తాము చేసే బట్ట పేరు ఊరికి పెట్టుకున్నారు. విదేశీ కళాభిమానుల విరాళాలు, స్వచ్ఛంద సంస్థల సాయం తోడయ్యాయి. 2003లో ఇంగ్లండ్‌లోని డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయం ఇస్మాయిల్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. బడి చదువు పెద్దగా లేని మనిషి డాక్టర్ ఇస్మాయిల్ అయ్యారు. 2024లో కచ్ అజ్రఖ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్త ఊళ్లోనూ నీటిమట్టం ఏటా లోతుకు పోతోందన్న బెంగ తీరలేదు. ఇంతమంది ఒకేచోట బట్టలు ఉతికితే ఏ నేలకైనా తప్పని తిప్పలివి.

ఊళ్లు కట్టే పని నడుస్తుండగానే సుమ్రాసర్ వైపు ఆడవాళ్లు కొందరు ఇంకో పని చేశారు. గుడ్డముక్కలు కత్తిరించి, బట్ట మీద అతికి కుట్టి, భూకంపం కథను బొమ్మగా చెప్పారు. ఇది విన్నంత చిన్న మార్పు కాదు. సూఫ్‌లో ముక్కోణం ఉంది, అహీర్ పనిలో నెమలి ఉంది, కానీ కూలే ఇంటికి పాత కుట్టులో నమూనా లేదు. పెళ్లి గుడ్డ మీద చావును ఎవరు కుడతారు? వాళ్లు పాత భాషలో లేని మాటను కొత్తగా అల్లుకోవాల్సి వచ్చింది. ఆ గుడ్డల్లో పొందిక కుదరని చోట్లుంటాయి, మనుషులు ఇళ్లకంటే పెద్దగా ఉంటారు. సారె కుట్టులో కనిపించే మచ్చలేని సమరూపం వాటిల్లో వెతికితే దొరకదు. నా మటుకు నాకు ఆ తడబాటే వాటి విలువ.

మేలుతో పాటు చెరుపూ వచ్చింది. దయతో కొనేవాడికి నాణ్యం పట్టదు. భూకంప బాధితుల పని అని రాసిపెడితే ఏదైనా అమ్ముడుపోయిన ఒకటి రెండేళ్లు నడిచాయి. ఒకటే పువ్వు, ఒకటే సంచీ, తొందరగా కుట్టిన పెద్ద పెద్ద కుట్లు. దయ ఆగిపోయిన రోజు గిరాకీ కూడా ఆగిపోతుందని తెలిసినవాళ్లు ముందే మేలుకున్నారు. కళారక్ష 2005లో ముంద్రా వైపు కళారక్ష విద్యాలయం పెట్టింది. చదువుకున్న డిజైనర్ నగరం నుంచి వచ్చి నమూనా గీసిస్తే కళాకారుడు కూలివాడిలా దాన్ని కుట్టే పద్ధతికి ఎదురు తిరగడమే దాని ఉద్దేశం. అదే ఏడాది నవనిర్మాణ్ అభియాన్, నెహ్రూ ఫౌండేషన్ ఫర్ డెవలప్‌మెంట్ కలిసి కుక్మా దగ్గర ఖమీర్ అనే సంస్థను పెట్టాయి. నేత, తోలు, కుండలు, లక్క అన్నింటికీ అది కూడలి.

ఈలోగా సర్కారు చేసిన ఇంకో పని జిల్లా రూపమే మార్చేసింది. భూకంపం దెబ్బ నుంచి తేరుకోవడానికని 2001లోనే కచ్‌లో కొత్తగా పెట్టే ఫ్యాక్టరీలకు ఐదేళ్ల ఎక్సైజ్ మినహాయింపు ఇచ్చారు. ఓడరేవులు పక్కనే ఉన్నాయి, నేల చవక. ఫ్యాక్టరీలు దిగాయి. వాటిలో ప్రపంచం నలుమూలలకూ తువ్వాళ్లు, దుప్పట్లు పంపే భారీ మిల్లులూ ఉన్నాయి. నెలజీతం, పొద్దున వచ్చి తీసుకెళ్లే బస్సు. మగ్గం ముందు కూర్చున్న కుర్రాడు ఏది ఎంచుకుంటాడు? నేతగాళ్ల పిల్లలు చాలామంది అటే వెళ్లారు. జిల్లాను నిలబెట్టడానికి వేసిన పథకమే మగ్గం దగ్గర మనిషిని లేకుండా చేసింది. దీన్ని తప్పు అనలేం. జీతం వచ్చే ఉద్యోగం వద్దని చెప్పే హక్కు బయట కూర్చుని శాలువా కప్పుకునేవాడికి లేదు.

ఖమీర్ దీనికి ఒక దారి వెతికింది. కచ్ మెట్టనేలల్లో కాలా పత్తి అనే పాత దేశవాళీ రకం పండుతుంది. వాన తప్ప వేరే నీళ్లు అడగదు, పురుగుమందు పెద్దగా అక్కర్లేదు. పోగు పొట్టి కావడంతో మిల్లులకు పనికిరాదని ఎవరూ పట్టించుకోలేదు. దాన్ని చేతికి వచ్చేలా వడికి, నేయించి, ‘కాలా కాటన్’ పేరుతో బజారుకు తెచ్చారు. ఎప్పుడూ ఉన్ని నేసిన భుజోడీ మగ్గాలు ఆ పత్తితో చీరలు నేస్తున్నాయి. ఆ చీరలు ఇప్పుడు హైదరాబాద్ చేనేత ప్రదర్శనల్లోనూ దొరుకుతాయి. ఫ్యాక్టరీ నుంచి కొందరు కుర్రవాళ్లు మగ్గానికి తిరిగి వచ్చారు. కొందరే.

సూది సంగతికి వస్తే లెక్క ఇంత బాగా లేదు. అద్దకపు ఖత్రీలకు ఊరు వచ్చింది, పేర్లు వచ్చాయి, డాక్టరేటూ భౌగోళిక గుర్తింపూ వచ్చాయి. నేతగాళ్లకు జాతీయ అవార్డుల పటాలు గోడల మీద ఉన్నాయి. ముందు లేచిన కుట్టు ఆడవాళ్లు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా వంటకూ పశువులకూ మధ్య దొరికిన వేళల్లో, ఇంటి దగ్గరే, లెక్కకు ఇంత అన్న కూలి మీదే కుడుతున్నారు. చందా ష్రాఫ్‌కు 2006లో రోలెక్స్ పురస్కారం వచ్చింది. ఆ ఊతంతో ఆమె తలపెట్టిన పని, కచ్‌లోని కుట్టు రీతులన్నిటినీ వెయ్యికి పైగా గుడ్డల మీద కుట్టించి, బండిలో ఊరూరా తిప్పి కుట్టేవాళ్లకే చూపించడం. 2016లో అజ్రఖ్‌పూర్‌లోనే దానికి ఎల్ఎల్‌డీసీ అనే మ్యూజియం తెరిచారు. ఆ ఏడాదే ఆమె కన్నుమూశారు.

కళారక్ష విద్యాలయంలో ఆడవాళ్లకు విడిగా తరగతులు పెట్టారు. ఏడాదిలో ఆరు విడతలు, విడతకు రెండు వారాలు. రంగుల పొందిక, డిజైన్, బజారు తీరు, చివరన సొంత పనిని జనం ముందు పెట్టి మాట్లాడటం. నెలల తరబడి ఒకచోట ఉండే కోర్సు వాళ్లకు కుదరదని తెలిసి వేసుకున్న లెక్క అది. అయినా ఇల్లు వదిలి, మగతోడు లేకుండా, పద్నాలుగు రోజులు వేరే ఊళ్లో ఉండి చదువుకోవడం ఆ ఇళ్లల్లో అంతకుముందు ఏ ఆడమనిషీ ఎరగని సంగతి. అలా వెళ్లి వచ్చినవాళ్లలో కొందరు తాము కుట్టిన దాని ధర తామే చెప్పడం మొదలుపెట్టారు.